గొలుసులో రెండు పలకలు

1

నూనె మూడు డబ్బాలు. ఆరో గిలక కీచుమంటోంది.

గొలుసు డ్యూటీ చిట్టాలో ఇంతకు మించి రాయకూడదట. చేరిన రోజే చెప్పారు. రెండేళ్లు అలాగే రాశాను. ఒక్కరు చదివిన పాపాన పోలేదు. ఆరో గిలక కీచుమంటోందని రాయడం మొదలుపెట్టి ఏడాదైంది, అది ఇంకా కీచుమంటూనే ఉంది. అందుకని ఇవాళ్టి నుంచి నా ఇష్టమొచ్చింది రాస్తాను.

మా బావ రాజేశం ఇక జన్మలో పైకి వెళ్లలేడని వైద్యశాలలో తేల్చేశారు. ఛాతీలో బూడిద గడ్డకట్టిందట. పైన నేల మీద, కింద ఊరికి కరెంటిచ్చే అద్దాల మీద పడే బూడిదను ఊడవడానికి చివరి తొమ్మిది నెలల్లోనే మూడుసార్లు వెళ్లొచ్చాడు. ఒకసారి వెళ్లొచ్చాక ఛాతీ శుభ్రపడటానికి ఏడు నెలలైనా పడుతుందని తెలియదా, ఎందుకు అన్నిసార్లు వెళ్లావని వైద్యుడు బావనే గద్దించాడు. షికారుకి వెళ్లాడనుకున్నాడేమో. పంపేది గొలుసు, దాన్ని అడగండి అన్నాను. నన్ను బయటికి పొమ్మన్నారు.

ఆ తర్వాత మళ్లీ వంతు వచ్చినప్పుడు బావ లేవలేని స్థితిలో ఉన్నాడు. ఆ పొయ్యి తరఫున, అంటే ఆ కాపురం తరఫున, మా అక్క మణెమ్మ వెళ్లింది. వచ్చి రెండు నెలలు దాటింది. ఇంకా నల్లగా దగ్గుతోంది. చిన్నది అక్క పక్కన పడుకోనంటోందట, ఆ చప్పుడుకి నిద్ర పట్టక. ఈ లెక్కన ఇంకో పన్నెండు, పదమూడు రోజుల్లో వంతు మళ్లీ ఆ పొయ్యికే వస్తుంది. వస్తే మళ్లీ అక్కే వెళ్లాలి. వెళ్తే ఏమవుతుందో వైద్యుణ్ని అడగక్కర్లేదు, బావను చూస్తే చాలు.

నేను వెళ్తానంటే కుదరదు. నేను మా అమ్మ పొయ్యి కింద ఉన్నాను, అక్క పొయ్యి వేరు. ఒక పొయ్యి వంతుకు ఇంకో పొయ్యి మనిషిని గేటు దాటనివ్వరు. ముసుగులు కూడా ఎవరి ముఖానికి వాళ్లకే పోతపోస్తారు.

2

నూనె మూడు డబ్బాలు.

అక్క ఇంటికి వెళ్లేసరికి రెండిళ్ల అవతల ఉండే పోచమల్లు అక్కడ కూర్చుని సానుభూతి చూపిస్తున్నాడు. ఎర్రగా, నున్నగా, ఛాతీ విరుచుకుని ఉన్నాడు. గొలుసులో ఉన్న అక్క పలకకు దోషం ఉందని, వంతుల హాలుకి వెళ్లి పలకకు పసుపు రాసి నిమ్మకాయ తిప్పి పారేస్తే గొలుసు కాస్త కనికరిస్తుందని చెబుతున్నాడు.

ఈ పిచ్చి ఊరంతా ఉంది. కొన్ని పలకలు నష్టజాతకాలట. ఆ పొయ్యిలకు పిల్లనివ్వరు, పిల్లను తెచ్చుకోరు. మొన్న మా వీధి చివర ఒక సంబంధం ఆ కారణంగానే చెడింది.

గొలుసు బాగుచేశాక, అంటే ఈ రెండేళ్లలో, నీ పలక ఎన్నిసార్లు పలికిందని పోచమల్లుని అడిగాను.

"ఒక్కపారి గూడ రాలె," అన్నాడు, ఏదో బహుమతి వచ్చినట్టు. "ఎవని పలక వానిది మొగిలీ. గొలుసు మీద కోపం చేస్తె ఏమొస్తది?"

వచ్చేది వస్తుంది. నాకు కోపం రావడం మొదలైందే అక్కడ. రెండేళ్లలో ఒకడికి ఒక్కసారీ రాకపోవడం, రెండిళ్ల ఇవతల మూడు నెలలు తిరక్కుండా వస్తూ ఉండటం. ఇది గొలుసు చేసే పని కాదు. చేయలేదు. ఆ మాట బళ్లో మాచేత పాట కట్టి మరీ పాడించారు.

తెర మీద కనిపించే అంకెను నమ్మకూడదని మా ముత్తాతల కాలంలో తీర్మానించుకున్నారు. యంత్రాలు ఎవడికి నచ్చిన లెక్క వాడికి చూపించడం నేర్చుకున్నాక ఊళ్లకు ఊళ్లే కొట్టుకుని పోయాయట. అందుకే ఇక్కడ వంతులకు ఇనప గొలుసు పెట్టారు. పొయ్యికి ఒక పలక. పదివేల ఏడు పొయ్యిలు, పదివేల ఏడు పలకలు. రోజూ మోటారు గొలుసును వెయ్యిన్ని రెండు పలకల మేర లాగి ఆపుతుంది. ఆగినచోట కొక్కెం ఠక్కున ఒక పలక మీద పడుతుంది. ఆ పొయ్యికి మర్నాడు వంతు. అలా రోజుకి నలభై లాగుళ్లు, నలభై మంది. ఆ లెక్కన ఊరంతా ఒక చుట్టు తిరిగి రావడానికి ఎనిమిది నెలల పైన పడుతుంది. ఈలోగా వెళ్లొచ్చినవాడి ఛాతీ శుభ్రపడుతుంది. అంతా ఆలోచించే పెట్టారు.

పదివేల ఏడే ఎందుకంటే అది ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ తెగదు. అందుకే ఊరు ఆ అంకె దగ్గర ఆగిపోయింది. ఒక పొయ్యి ఆరిపోయి పలక ఖాళీ అయితేనే ఇంకో జంటకు పెళ్లి. నాతో పాటు నూనె పోసే భూమేశ్ పలక కోసం మూడేళ్లుగా కాచుకుని ఉన్నాడు. వాడి సరిత తల్లిగారింట్లో, వీడు హాలు వెనక గదిలో. ఇన్ని తిప్పలు పడి కాపాడుకుంటున్న అంకె అది.

3

నూనె పోయలేదు. చూస్తూ కూర్చున్నాను.

కొక్కెం పలక మీద పడినప్పుడల్లా అంచు దగ్గర చిన్న దెబ్బ తగులుతుంది. దెబ్బ తగిలినచోట తుప్పు రాలి ఇనుము మెరుస్తుంది. రెండేళ్లుగా ఈ పలకల మీద నూనెగుడ్డ పెట్టి తుడుస్తున్నాను. నా కళ్లేమయ్యాయో నాకు తెలియదు.

ఒకటి మెరుస్తోంది. తర్వాత రెండు తుప్పు. మళ్లీ ఒకటి మెరుపు, రెండు తుప్పు. ఒకటి మెరుపు, రెండు తుప్పు. గిలకల వెంట చివరిదాకా నడిచాను. ఎక్కడా తప్పలేదు.

అక్క పలక అద్దంలా ఉంది. పక్క ఇంటిది తుప్పు. పోచమల్లుది తుప్పు.

మా అమ్మ పలక వెతుక్కున్నాను. తుప్పు. మా ఇంటికి ఈ రెండేళ్లలో వంతు రాలేదన్న సంగతి అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. మేం దాన్ని అదృష్టం అనుకున్నాం. పోచమల్లుకీ మాకూ తేడా ఏమిటంటే మేం నిమ్మకాయలు పంచలేదు, అంతే.

4

బీరువా తలుపు మీద సుద్దతో లెక్క వేశాను. నాకు బళ్లో ఐదో తరగతి దాకే చెప్పారు. మిగతాది పాత పనిముట్ల గదిలో దొరికిన చిరిగిన పుస్తకాల్లోంచి నాకు నేనే నేర్చుకున్నాను. కాబట్టి నాకు అర్థమైనట్టే రాస్తాను.

వాషర్లు ఏడు తీసుకుని గుండ్రంగా పేర్చండి. మూడేసి లెక్కపెట్టి మూడోదాని మీద వేలు పెడుతూ పొండి. ఏడింటినీ ముట్టుకున్నాకే మొదటిదానికి వస్తారు. రెండేసి లెక్కపెట్టినా అంతే, ఐదేసి లెక్కపెట్టినా అంతే. ఏడు ఎవరి మాటా వినదు. ఇప్పుడు తొమ్మిది పేర్చండి. మూడేసి లెక్కపెట్టండి. మూడే మూడు వాషర్లు మీ వేలికి తగులుతూ ఉంటాయి, మిగతా ఆరూ చచ్చేదాకా తగలవు. తొమ్మిదిలో మూడు దూరింది, మీ అడుగులోనూ మూడు దూరింది, ఇద్దరూ కలిసి కుమ్మక్కయ్యారు. ప్రధాన సంఖ్యలో అలా దూరడానికి సందు ఉండదు. దాని గొప్పతనమంతా అదే. అది ఎవరినీ వదలదు. అందుకే ఎవరినీ చంపదు.

మా లాగుడు వెయ్యిన్ని రెండు. అందులో మూడు ఉంది. అది తాతల కాలం నుంచీ ఉంది. గొలుసు పదివేల ఏడు అయినంత కాలం అందులో ఏమున్నా ఫరవాలేదు. కానీ పలకలు మూడింట ఒకటే మెరుస్తున్నాయంటే గొలుసులోనూ మూడు దూరింది. పదివేల ఏడులో మూడు దూరదు. అంటే గొలుసు పదివేల ఏడు కాదు.

లెక్కపెట్టాను. నూనెగుడ్డ చేత్తో పట్టుకుని, తుడుస్తున్నట్టు నటిస్తూ, నాలుగు రోజులు. భూమేశ్ రెండోసారి లెక్కపెట్టాడు, ఎందుకో వాడికి చెప్పలేదు. ఇద్దరికీ ఒకటే వచ్చింది. పదివేల ఐదు.

మూడింట ఒక వంతు పొయ్యిలే ఊరంతటి బూడిదా ఊడుస్తున్నాయి. ఎనిమిది నెలలకు రావాల్సిన వంతు వాళ్లకి మూడు నెలలు తిరక్కుండా వస్తోంది. పని పెరిగింది, బూడిద పెరిగింది, అని కదా ఇన్నాళ్లూ చెప్పారు. రోజుకి నలభై మందే కదరా వెళ్తోంది, పెరిగితే నలభై ఐదు అవ్వాలి కదా. ఇంత చిన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

5

పన్నెండో గిలక దగ్గర రెండు లంకెల మధ్య అతుకు ఉంది. మిగతా గొలుసు కన్నా కొత్త ఇనుము. అతుకు వేసే చెయ్యి ఈ హాల్లో ఒక్కటే, మా మేస్త్రీ నర్సింగంది.

ఆయన టీ కాస్తున్నాడు. నేను అరిచాను. ఆయన నా వైపు చూడకుండా టీ పొంగకుండా చూసుకున్నాడు. రెండేళ్ల కింద గొలుసు దించి బాగుచేసినప్పుడు రెండు పొయ్యిలు ఆరిపోయాయని, వాటి పలకలు తీసెయ్యమని ఆఫీసు నుంచి చెప్పారట. చెప్పినట్టు తీశాడట. రెండు తగ్గితే ఏమవుతుందో ఆయన ఆలోచించలేదు, ఆయన్ని ఆలోచించమని ఎవరూ అడగలేదు.

"నాకేం ఎరుక? పదివేలల్ల రెండు," అన్నాడు. "చారెడు బియ్యంల రెండు గింజలు పోతె ఎవడన్న ఏడుస్తడా?"

నేను బీరువా తలుపు దగ్గరికి లాక్కెళ్లి చూపించాను. వాషర్లతో చేసి చూపించాను. తర్వాత గొలుసు దగ్గరికి తీసుకెళ్లి మెరుపూ తుప్పూ చూపించాను. అంకెలప్పుడు ఊరికే బుర్ర ఊపినవాడు, ఇనుము చూశాక ఒక్కో పలకా చూసుకుంటూ నడిచాడు. ఆయన కొడుకు పలక దగ్గర ఆగాడు. అది మెరుస్తోంది. ఆ కొడుకు పోయి ఏడాది.

తీసేసిన ఆ రెండు పలకలు ఏం చేశావని అడిగాను. వెనక్కి నడిచి వెళ్లి టీ గిన్నె మీద మూత తీశాడు. మసి పట్టి నల్లగా ఉంది. రెండోది ఆయన కూర్చునే పీట కాలు కింద ఎత్తు కోసం పెట్టి ఉంది. ఊరి ప్రాణాలు కాపాడే అంకెలో తక్కువైన రెండూ ఈ హాల్లోనే ఉన్నాయి, ఒకటి టీ మీద, ఒకటి పీట కింద.

6

వంతుల ఆఫీసుకి వెళ్లాను. నా దగ్గర లెక్క ఉంది, చూపిస్తే గగ్గోలు పుడుతుంది, రేపటికల్లా సరిచేస్తారు అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే మండిపోతోంది.

అధికారి వసుంధర మేడం నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. నేను చెప్పినదంతా విన్నది. ఒక్కచోట ఆపి నా తీసివేతలో తప్పు దిద్దింది. ఆశ్చర్యపోలేదు. పదివేల ఐదు అంటే మూడు, ఐదు, ఇరవై మూడు, ఇరవై తొమ్మిదిల గుణకారం అని నోటితో చెప్పేసింది. లాగుడు కొంచెం మారిస్తే ఐదుతో కూడా చేయొచ్చుననీ, కానీ మరీ కొద్దిమంది మీద పడితే వాళ్లు ఏడాది తిరక్కుండా చచ్చిపోతారనీ, అందుకే మూడుతో ఆగారనీ చెప్పింది. దయ చూపించినట్టు చెప్పింది.

ఎందుకు అని అడిగాను. మెల్లగా అడిగానని రాసుకోవాలని ఉంది కానీ బల్ల గుద్దాను.

"గొలుసు అందరి మీదా పడుతున్నప్పుడు ఈ ఊళ్లో ఏటా రెండు గొడవలు జరిగేవి మొగిలీ. గేట్లు విరగ్గొట్టారు. అందరికీ భయం, అందరికీ కోపం. ఇప్పుడు ముగ్గురిలో ఇద్దరికి ఏ భయమూ లేదు. మూడోవాడు నోరు తెరిస్తే వాళ్లే మూయిస్తారు. నీ పలక మంచిది కాదు అంటారు. నేను వాళ్లకి ఒక్క మాట కూడా నేర్పలేదు."

మీ పలక మెరుస్తుందా అని అడిగాను. మెరవదంది.

తర్వాత అసలు సంగతి బయటపెట్టింది. కింది వీధిలో ఒక ముసలి జంట పోయింది, తుప్పు పలక ఒకటి ఖాళీ అయింది. వరసలో అది భూమేశ్‌కి రావాలి. దాన్ని అక్కకిచ్చి, అక్క పలక భూమేశ్‌కి ఇస్తారట. అక్క ఇక పైకి వెళ్లక్కర్లేదు. భూమేశ్‌కి పెళ్లవుతుంది. అందరూ సంతోషం. నేను నోరు మూసుకోవాలి. అక్క వంతు వచ్చేలోపు చెప్పమంది. అది నాలుగు రోజుల్లో అని ఆమెకు తెలుసు, ఎనిమిదో లాగుడని కూడా తెలుసు.

7

అక్కకు చెప్పాను. థూ అంటుందనుకున్నాను. ముఖాన కొట్టినట్టు జవాబివ్వమంటుందనుకున్నాను.

"ఒప్పుకో," అంది.

ఆ పలక కింద వేరేవాడు చస్తాడన్నాను. అక్క దగ్గుతూనే లేచి తలుపు దగ్గరగా వేసింది. తర్వాత పిల్లలకు వినబడకుండా మెల్లగా అంది. "నాకు నీతులు చెప్పకు మొగిలీ. నువ్వు ఒక్కపారన్న పైకి పోయినవా? నేను పోయిన. పిల్లలను ఆయన చూస్తడా గా మంచంల పడుకొని?"

అక్క మీద కోపగించుకునే హక్కు ఈ భూమ్మీద ఎవడికైనా ఉంటే వాడు నేను కాను. అయినా కోపం వచ్చింది, అక్క మీదే వచ్చింది. గిన్నెలు తోమేసి వచ్చేశాను.

భూమేశ్‌కి అంతా చెప్పాను, వాషర్లతో సహా. నీకిచ్చే పలక మెరిసేది, పెళ్లైన మూడు నెలల్లో పైకి వెళ్తావు, మళ్లీ మూడు నెలలకి వెళ్తావు, మా బావను చూశావు కదా అన్నాను. వాడు నూనెడబ్బా కింద పెట్టి ఆలోచించాడు.

"మెరిసేదైనా ఇయ్యనీ," అన్నాడు. "మూడేండ్లు ఎదురుచూసిన మొగిలీ. సరితకు ఇంకో సంబంధం చూస్తున్నరు."

మేడం చెప్పింది నిజమే. ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు. భయం లేనివాడు నోరు మూసుకుంటాడు, భయం ఉన్నవాడు దాన్ని ఇంకొకడికి అంటగట్టే దారి చూసుకుంటాడు, ఏదీ లేనివాడు భయాన్నైనా ఇమ్మని చెయ్యి చాస్తాడు. రెండు పలకలు తీస్తే చాలు, పదివేల పొయ్యిలు ఇలా తయారవుతాయి.

ఆఫీసుకి జవాబు చెప్పలేదు. బీరువా తలుపు తుడిచి కొత్త లెక్క మొదలుపెట్టాను. అతుకు దగ్గర రెండు పలకలు తిరిగి పెడితే ఏమవుతుంది? అక్క వంతు రోజున అతుకు రెండో లాగుడికీ మూడో లాగుడికీ మధ్య వస్తుంది. అది దాటాక ప్రతి లాగుడూ రెండు పలకలు వెనక ఆగుతుంది. ఎనిమిదోది అక్క పలకకు బదులు దానికి రెండు వెనకదాని మీద పడుతుంది. ఆ తర్వాత అక్క పలక మీదికి రావడానికి ఎన్ని లాగుళ్లు కావాలో కట్టాను. ఎనిమిది వేల నాలుగు వందల అరవై తొమ్మిది. మూడుసార్లు సరిచూశాను. ఏడు నెలలు. ఛాతీ శుభ్రపడేంత కాలం.

ఈ సంగతి చెప్పడానికి అక్క దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఏడు నెలలు అనగానే అక్క ముఖం మారింది. వెంటనే వేళ్లు మడిచింది. రెండు వెనక అంటే రెండిళ్ల అవతల.

"పోచమల్లా," అంది. "వాని పిల్లలు మన పిల్లలతోని ఆడుకుంటరు."

నీ గురించి వాడు ఎప్పుడైనా అలా అనుకున్నాడా అని అడిగాను. అక్క మడిచిన వేళ్లు విప్పింది, వద్దు అని మాత్రం అనలేదు.

8

నూనె మూడు డబ్బాలు. గొలుసు ఇప్పుడు పదివేల ఏడు.

నూనె విరామంలో గొలుసు వదులు చేస్తాం. ఇవాళ నర్సింగం నిచ్చెన తీసుకుని పన్నెండో గిలక దగ్గరికి వెళ్లి అందరి ఎదుటే అతుకు విప్పాడు. చాటుగా చేద్దామన్నాను నేను. తీసేటప్పుడు చాటుగా తీసిన, పెట్టేటప్పుడు కనబడనీ అన్నాడు. పలకల మీది మసి గోకి తెచ్చాడు. ఒకదాని మీద భూమేశ్, సరితల పేర్లు మేకుతో చెక్కి ఉన్నాయి. అది చూసి భూమేశ్ నిచ్చెన పట్టుకున్నాడు. రెండోది ఖాళీ. ఎవరో ఒకరికి పెళ్లవుతుంది.

హాలు నిండా జనం. నాకు అప్పుడు తట్టింది, ఆ జనం ఎవరో. భయం లేనివాళ్లు హాలుకి రావడం మానేసి చాలా కాలమైంది. వచ్చేదంతా వంతు పడే పొయ్యిలవాళ్లే. నేను గట్టుమీదికి ఎక్కి ఒకటే మాట చెప్పాను, మీ మీ పలకలు వెతుక్కోండి, మెరుస్తున్నాయో లేదో చూడండి, తర్వాత మీ ఎడమపక్క ఇంటిదీ కుడిపక్క ఇంటిదీ చూడండి అని. లెక్కలు చెప్పలేదు. అంకెలు చూస్తే మనుషులు తలదించుకుంటారు, ఇనుము చూస్తే నమ్ముతారు.

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక పెద్దావిడ లేచి గిలకల మధ్యకు వెళ్లింది. తన పలక దొరికింది. పక్కవి రెండూ కొంగుతో తుడిచి చూసింది, తుప్పు కొంగుకి అంటింది. ఆ కొంగు అందరికీ ఎత్తి చూపించింది. రెండేళ్లుగా ఆ పలకకి పసుపు రాస్తోందట. ఆ తర్వాత హాల్లో రేగిన గోల ఎలాంటిదో రాయడం నా వల్ల కాదు.

వసుంధర మేడం వచ్చింది. ఆ రెండు పలకలూ తీసెయ్యమంది. నర్సింగం నిచ్చెన మీదే కూర్చున్నాడు, దిగలేదు. గొలుసు ఆపేస్తానంది. ఆపండి అన్నాను. ఆపితే రేపు ఊడ్చేవాళ్లు ఉండరు, ఎల్లుండికి అద్దాలు పూడిపోతాయి, గాలి తోలే ఫంకాలు ఆగుతాయి, అప్పుడు మెరిసే పలకా తుప్పు పలకా అందరూ ఒకే గాలికి కొట్టుకుంటారు. నాకన్నా ముందే ఆమెకి ఆ లెక్క తెలుసు. జనాన్ని ఒకసారి చూసింది, గడియారం చూసింది.

"నీ పొయ్యి కూడా వస్తుంది, తెలుసు కదా," అంది నాతో.

పందొమ్మిదో రోజు అన్నాను.

"నాది నూట నలభై ఒకటో రోజు," అంది. గొలుసు వైపు చూసి అప్పటికప్పుడే కట్టేసింది. అంత తెలివి. ఆ తెలివితో ఈ పని చేసిందన్నదే నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. తెలివిలేనివాళ్లు చేసి ఉంటే క్షమించేవాణ్నేమో.

లాగమంది.

మొదటి లాగుడు, మెరిసే పలక. ఎవరో ఏడ్చారు. రెండోది, మెరిసేదే. మూడోదానికి కొక్కెం పడింది, కానీ చప్పుడు వేరుగా వచ్చింది, తుప్పు మీద పడ్డ చప్పుడు. పేర్లు చదివే మనిషి పలకను తుడిచి, చదివి, ఆగి, మళ్లీ చదివాడు. జవాబు రాలేదు. ఆ పొయ్యి మనిషి హాల్లో లేడు. రావాల్సిన అవసరం లేదని ఇంట్లో ఉన్నాడు. నాలుగోది, అంతే. ఐదోది, అంతే. ఎవరూ కేకలు పెట్టలేదు, చప్పట్లు కొట్టలేదు. మనం ఇన్నాళ్లూ మోసినది ఇంకొకరి నెత్తిన పడుతుంటే ఎలా ఉంటుందో వాళ్లెవరూ ముందుగా ఊహించుకోలేదు. నేను ఊహించుకున్నాను. సంతోషంగా ఉంటుందనుకున్నాను.

ఎనిమిదోది పోచమల్లు.

గంట పట్టుకుని వెళ్లి వంతు చెప్పాల్సిన మనిషి ఇవాళ చాలా ఇళ్లకు తిరగాలి కాబట్టి ఆ వీధికి నన్ను వెళ్లమన్నారు. వెళ్లి చెప్పాను. పోచమల్లు నవ్వాడు, తర్వాత నా చేతిలో గంట చూశాడు. వాడి భార్య తలుపు వెయ్యబోయింది. నువ్వే చేశావురా, నీ అక్కను తప్పించడానికి నన్ను ఇరికించావురా అన్నాడు. ఆ పలకలు పెట్టిన చోటు నేను ఎంచలేదు, ఎక్కడ తీశారో అక్కడే పెట్టామని చెప్పొచ్చు. అది నిజం కూడా. చెప్పలేదు.

"ఎవని పలక వానిది, అన్నవు గద," అన్నాను.

వీధి దాటేదాకా ఆ మాట నాకు తియ్యగానే ఉంది.

9

పొద్దున గేటు దగ్గరికి వెళ్లాను. వాడి ముఖం చూడాలని వెళ్లాను, దాచుకోవడానికేముంది.

నలభై మందిలో మొదటి ఇద్దరూ, మధ్యలో వంతు పడ్డ మరికొందరూ తమ ముసుగులు మెడకు తగిలించుకుని గోడకు ఆనుకుని ఉన్నారు, అలవాటైనవాళ్లు. మిగతావాళ్లకు పెట్టె ఎటు తెరవాలో కూడా తెలియడం లేదు. పోచమల్లు ముసుగు ముఖానికి పట్టడం లేదు. ఏళ్ల తరబడి పెట్టెలో ఉండి రబ్బరు బిగుసుకుపోయింది. వాడి కూతురు పక్కన నిలబడి చూస్తోంది.

అక్క వచ్చింది. రమ్మని ఎవరూ పిలవలేదు. కొంగులో ఆముదం సీసా తెచ్చుకుంది. వాడి చేతిలోంచి ముసుగు తీసుకుని అంచులకు ఆముదం పట్టించి బొటనవేళ్లతో పిసికింది. మధ్యమధ్య దగ్గింది. వాడు అక్క దగ్గును ఇంత దగ్గరనుంచి వినడం అదే మొదలనుకుంటాను. ప్రతి దగ్గుకీ వాడి భుజాలు కదిలాయి.

"గాలికి వీపు పెట్టి ఊడువు," అంది అక్క. "ఊపిరి దబ్బున గుంజకు. ఎంత దగ్గొచ్చినా ముసుగు తియ్యకు. మా ఆయన తీసిండు."

వాడు తలూపాడు. ముసుగు తొడిగింది అక్కే. పట్టీలు వెనక బిగించి, లోపలికి గాలి పోతోందేమోనని చుట్టూ వేలు పెట్టి చూసింది. వాడు ఏదో అన్నాడు, ముసుగులోంచి వినిపించలేదు. అక్క పాప చెయ్యి పట్టుకుని, సాయంత్రం దాకా మా ఇంట్లో ఉంటదిలే అంది.

గేటు తీసేముందు వాడు ముసుగు మూతి దగ్గర కొంచెం ఎత్తి నా వైపు తిరిగాడు.

"నీదెన్నడు?"

చెప్పాను.

"నీ ముసుగు ఇయ్యాల్నే చూసుకో," అన్నాడు. తిట్టినట్టు అనలేదు.

గేటు మూశారు. నాకు కోపం పోలేదు. ఆఫీసు మీద పోలేదు, ఊరి మీద పోలేదు, పోచమల్లు మీద కూడా పూర్తిగా పోలేదు. వాణ్ని అలా చూశాక ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియలేదు.

ఇంటికి వచ్చి అటక మీదనుంచి నా ముసుగు పెట్టె దించాను. మూత మీద వేలిమందం దుమ్ము. తెరిచాను. రబ్బరు రాయిలా ఉంది.

అక్క ఇంటికి వెళ్లి ఆముదం అడగాలి.